రాతకు అడ్డుకట్ట: పాత హార్డ్ డిస్కుల కథ
(రేడియో ప్రసంగ పాఠం)

ఈ వారం చెప్పబోయే విషయం వినడానికి కాస్త పొడిగా ఉంటుంది కానీ, మన ఇళ్ళలో చాలామందికి పనికొచ్చేదే. తొంభైలలోనో, రెండువేల తొలి సంవత్సరాల్లోనో ఇక్కడికి వచ్చిన మనవాళ్ళలో చాలామంది ఇళ్ళలో, గరాజ్‌లోనో క్లోజెట్ పై అరలోనో ఒక పాత కంప్యూటరు ఉంటుంది. పిల్లల మొదటి పుట్టినరోజు ఫోటోలు, అమ్మానాన్నలు మొదటిసారి వచ్చినప్పుడు తీసిన వీడియోలు, ఊరికి రాసిన ఉత్తరాలు అందులోనే ఉండిపోయి ఉంటాయి. ఎప్పుడో ఒక సెలవు రోజున దాని హార్డ్ డిస్కు ఊడదీసి, కొత్త కంప్యూటరుకు తగిలించి చూద్దాం అనుకుంటాం. చిక్కంతా ఆ తగిలించడంలోనే ఉంది. మనం చదువుతున్నాం అనుకుంటాం. కంప్యూటరు మాత్రం దానిమీద రాస్తూనే ఉంటుంది.

ఆ రాతను ఆపే చిన్న పరికరాన్ని రైట్ బ్లాకర్ అంటారు. చూడ్డానికి మామూలు అడాప్టరులాగే ఉంటుంది. అది ఎందుకు పుట్టిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

కంప్యూటర్లు అయస్కాంతపు టేపు మీద సమాచారం దాచుకున్న రోజుల్లో, టేపు చుట్ట వెనకవైపు ఒక గాడి ఉండేది. అందులో ప్లాస్టిక్ ఉంగరం పెడితేనే యంత్రం టేపు మీద రాసేది. ఉంగరం తీసేస్తే చదవడమే తప్ప రాయడం కుదరదు. ‘ఉంగరం లేకపోతే రాత లేదు’ అన్నది ఆపరేటర్లకు సామెతలాంటిది. ఇందులో ఒక మంచి ఆలోచన ఉంది. మనిషి ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే టేపు భద్రంగా ఉంటుంది. రాయాలంటేనే చేత్తో ఒక పని చెయ్యాలి.

ఫిలిప్స్ వాళ్ళు 1963లో తెచ్చిన ఆడియో క్యాసెట్టు మనందరికీ తెలిసిందే. దాని వెనకంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుండేవి. వాటిని విరగ్గొడితే ఆ క్యాసెట్టు మీద ఇంకేదీ రికార్డు కాదు. మళ్ళీ రికార్డు చెయ్యాలంటే ఆ కన్నం మీద టేపు ముక్క అంటించేవాళ్ళం. ఇక్కడ ఆలోచన తిరగబడింది. ఊరుకుంటే చెరిగిపోతుంది, జాగ్రత్తపడితేనే నిలుస్తుంది. నాయనమ్మ గొంతు మీద సినిమా పాటలు ఎక్కిపోయిన ఇళ్ళు ఎన్నో!

ఫ్లాపీల విషయంలో ఇంకో తమాషా జరిగింది. 1971లో ఐబీఎం విడుదల చేసిన ఎనిమిది అంగుళాల ఫ్లాపీకి తర్వాత పక్కన గాటు వచ్చింది. ఆ గాటును మూస్తేనే రాయవచ్చు. 1976లో వచ్చిన అయిదుంపావు అంగుళాల ఫ్లాపీలో సరిగ్గా దానికి వ్యతిరేకం. గాటు మూస్తే రాత ఆగిపోతుంది. ఆ తర్వాత మూడున్నర అంగుళాల ఫ్లాపీకి జరిపే చిన్న తలుపు పెట్టారు. కన్నం కనిపిస్తే భద్రం, మూసి ఉంటే రాయవచ్చు. పద్ధతులు ఎలా మారినా, తాళం మాత్రం మనిషి చేతిలోనే ఉండేది.

మరి హార్డ్ డిస్కు? మొదటి హార్డ్ డిస్కు కాలిఫోర్నియాలో మనవాళ్ళు ఎంతోమంది ఉంటున్న శాన్ హోసేలోనే పుట్టింది. నోటర్ డామ్ అవెన్యూలోని ఐబీఎం ప్రయోగశాలలో రేనాల్డ్ జాన్సన్ బృందం తయారుచేసిన రామాక్ యంత్రాన్ని 1956లో ప్రకటించారు. ఇరవైనాలుగు అంగుళాల పళ్ళేలు యాభై, బరువు దాదాపు ఒక టన్ను, పట్టేది యాభై లక్షల అక్షరాలు. ఈరోజు ఫోనులో తీసే ఒక్క ఫోటోకు కూడా అది చాలకపోవచ్చు.

1970లలో మినీ కంప్యూటర్లతో వాడిన కొన్ని డిస్కు యంత్రాలకు, ఉదాహరణకు డెక్ కంపెనీ ఆర్‌కే05కు, ముందువైపునే రాతను ఆపే మీట ఉండేది. 1980లో సీగేట్ అయిదు మెగాబైట్ల చిన్న డిస్కు తెచ్చింది. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ పది మెగాబైట్ల డిస్కుతో వచ్చింది. అక్కడి నుంచి హార్డ్ డిస్కు పెట్టె లోపలికి వెళ్ళిపోయింది. కంటికి కనబడని వస్తువుకు మీట ఎందుకనుకున్నారు. పైగా దాని పనే ఎడతెగకుండా రాయడం. అలా మన జ్ఞాపకాలన్నీ చేరిన డిస్కుకే తాళం లేకుండా పోయింది.

ఇప్పుడు ఆ పాత డిస్కును మామూలు కేబులుతో విండోస్ కంప్యూటరుకు తగిలిస్తే ఏం జరుగుతుందో చూద్దాం. కంప్యూటరు డిస్కును గుర్తుపట్టగానే ఫైల్ సిస్టమ్ చిట్టాను సరిచూసి, సగంలో ఆగిన పనులుంటే తానే పూర్తి చేస్తుంది. తన సొంత ఫోల్డర్లు తయారు చేసుకోవచ్చు. పాత విండోస్ అయితే ఫైలు తెరిచిన తేదీని కూడా మార్చేది. యాంటీ వైరస్ తనకు అనుమానం వచ్చిన ఫైలును తీసి పక్కన పడేస్తుంది. మ్యాక్ కూడా తన దాపుడు ఫైళ్ళు తను రాసుకుంటుంది. లినక్సులో ‘చదవడానికి మాత్రమే’ అని అడిగి తెరిచినా, ఈఎక్స్‌టీ3 లాంటి పద్ధతుల్లో జర్నల్‌లో మిగిలిన రాతలు డిస్కు మీదకు ఎక్కుతాయి. ఇవన్నీ ఒక ఎత్తు, ‘ఈ డిస్కును ఫార్మాట్ చెయ్యాలా?’ అన్న ప్రశ్న ఒక ఎత్తు. డిస్కులో ఒక మూల చెడి ఉంటే చాలు, ఆ ప్రశ్న వస్తుంది. తొందరలో ఎవరైనా సరే అన్నారా, అంతే సంగతులు.

పొరపాటున ఒకచోట రాస్తే ఏం పోతుంది అని మీరు అడగవచ్చు. మనం చెరిపేసిన ఫైలు నిజానికి వెంటనే చెరిగిపోదు. ‘ఈ చోటు ఖాళీ’ అని గుర్తు మాత్రమే పడుతుంది. ఆ చోట కొత్తది రాసేదాకా పాతది అక్కడే ఉంటుంది. కంప్యూటరు తన చిల్లర రాతలు రాసుకునేది అలాంటి ఖాళీలోనే. పోయిందనుకున్న ఫోటో తిరిగి దొరికే ఆశ ఉన్నది కూడా ఆ ఖాళీలోనే.

ఇళ్ళకంటే ముందు ఈ ఇబ్బంది పోలీసులకూ న్యాయస్థానాలకూ ఎదురైంది. మన దేశంలో దీనికి బాగా తెలిసిన ఉదాహరణ 2001 డిసెంబరులో పార్లమెంటు మీద జరిగిన దాడి కేసు. ఆ కేసులో శ్రీనగర్‌లో ఒక ల్యాప్‌టాప్ దొరికింది. దాన్ని పరిశీలించి సాక్ష్యం చెప్పినవారిలో హైదరాబాదులోని ప్రభుత్వ పత్ర పరీక్షకుల కార్యాలయం నుంచి వచ్చిన నిపుణుడు ఒకరు. స్వాధీనం చేసుకున్న తర్వాతి తేదీలతో కొన్ని ఫైళ్ళు అందులో కనిపిస్తున్నాయనీ, అంటే ఎవరో చెయ్యి పెట్టారనీ నిందితుల తరఫున వాదించారు. కంప్యూటరు నడిచినప్పుడు సిస్టమ్ తనంతట తానే కొన్ని ఫైళ్ళు రాసుకుంటుందని నిపుణులు చెప్పారు. 2005 ఆగస్టులో ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు ఆ వివరణను ఒప్పుకుంది. కానీ ఒక్క విషయం గమనించండి. ముందే రాతకు అడ్డుకట్ట వేసి ఉంటే ఆ ప్రశ్నే పుట్టేది కాదు. మనుషుల ప్రాణాలు, స్వేచ్ఛ తేలాల్సిన కేసులో ఒక తేదీ మీద అంత వాదన నడిచింది.

అమెరికాలో తొలినాళ్ళలో సాఫ్ట్‌వేర్‌తో అడ్డుకునేవారు. డాస్ రోజుల్లో డిస్కుకు వెళ్ళే ఆదేశాలన్నీ సాధారణంగా ఇంటరప్ట్ 13 అనే ఒక్క ద్వారం గుండా వెళ్ళేవి. ఆ ద్వారం దగ్గర ఒక చిన్న ప్రోగ్రామును కాపలా పెడితే సరిపోయేది. విండోస్ వచ్చి ఆ ద్వారం దాటకుండానే డిస్కును చేరడం నేర్చుకున్నాక ఆ కాపలా చాల్లేదు. అప్పుడు కేబులు మధ్యలోనే ఒక పెట్టె పెట్టడం మొదలైంది. ఇలాంటి పరికరానికి స్టీవెన్ బ్రెస్, మార్క్ మెంజ్‌ల పేరున 2004లో అమెరికా పేటెంటు వచ్చింది. అదే ఏడాది మే నెలలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఈ పెట్టెలు ఎలా పనిచెయ్యాలో చెబుతూ ఒక పత్రం విడుదల చేసింది. దాని సారాంశం చాలా తేలిక. డిస్కును మార్చే ఆదేశం ఏదీ లోపలికి పోకూడదు, చదివిన సమాచారం మాత్రం మార్పు లేకుండా బయటికి రావాలి.

లోపల జరిగేదీ అంతే. ‘చదువు’ అన్న ఆదేశం వస్తే పంపిస్తుంది, ‘నీ పేరేమిటి, నీలో ఎంత చోటుంది’ అని అడిగితే పంపిస్తుంది. ‘రాయి’, ‘చెరుపు’ అంటే ఆపేస్తుంది. కొన్ని పరికరాలు రాయడం కుదరదని మొహం మీదే చెబుతాయి. కొన్ని ‘రాసేశాను’ అని కంప్యూటరును నమ్మించి, అసలు డిస్కును తాకవు. ఈ రెండో రకం వాడేటప్పుడు కంగారు పడకండి. తెర మీద ఫైలు మారినట్టు కనిపించినా, తీసి మళ్ళీ తగిలిస్తే పాతదే ఉంటుంది.

ఇక ఇంట్లో ఎలా వాడుకోవాలో చెబుతాను. మొదట మీ డిస్కు ఏ రకమో చూసుకోండి. వెడల్పాటి కేబులు, నలభై సూదులు ఉంటే అది ఐడీఈ. పాత ల్యాప్‌టాప్ డిస్కుకు నలభైనాలుగు సూదులుంటాయి, కరెంటు కూడా వాటిలోనే వెళ్తుంది. 2003 తర్వాత మెల్లగా వచ్చిన సన్నని కనెక్టరు సాటా. దానికి తగిన రైట్ బ్లాకర్ కొనండి, లేదా తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోండి. తగిలించాక ఫైళ్ళు తెరిచి చూడాలన్న తొందర వద్దు. ముందు డిస్కు మొత్తాన్ని మొదటి సెక్టరు నుంచి చివరి సెక్టరు దాకా ఒకే పెద్ద ఫైలుగా కాపీ చెయ్యాలి. దీన్ని ఇమేజ్ అంటారు. ఖాళీ అని గుర్తుపడ్డ చోట్లు కూడా ఇందులోకి వస్తాయి. డిస్కు కాస్త చెడిపోయి ఉంటే జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము మంచిది. బాగున్న భాగాలు ముందు చదివి, మొండి చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో పద్దు రాసుకుంటుంది.

తర్వాత హ్యాష్ తీయాలి. అంటే ఆ మొత్తం సమాచారానికి వేలిముద్ర లాంటి సంఖ్య. ఒక్క బిట్టు మారినా సంఖ్య మారిపోతుంది. ఎండీ5 పద్ధతిని 1991లో రాన్ రివెస్ట్ తయారు చేశాడు. 2004లో దాని లోపాలు బయటపడ్డాక ఎస్‌హెచ్‌ఏ-256 వాడటం మేలు. డిస్కు బాగుంటే దాని వేలిముద్రా, ఇమేజ్ వేలిముద్రా ఒకటైతే మీ ప్రతి నమ్మకమైనది. భారతదేశంలో 2024 జులై నుంచి అమలైన కొత్త సాక్ష్య చట్టంలో, ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే ధ్రువపత్రంలో ఈ హ్యాష్ విలువ రాయడానికి చోటు పెట్టారు. ఇంటి ఫోటోలకు చట్టం అక్కర్లేదు కానీ, పదేళ్ళ తర్వాత కాపీ చెడిపోయిందా లేదా తేల్చుకోవడానికి ఆ సంఖ్య కావాలి.

రైట్ బ్లాకర్ చెయ్యలేనివీ ఉన్నాయి. డిస్కు టకటకమంటుంటే వెంటనే ఆపేసి నిపుణులకు ఇవ్వండి. తిరిగే కొద్దీ నష్టం పెరుగుతుంది. ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు. కరెంటు తగలగానే లోపలి చిప్పు తనంతట తానే శుభ్రం చేసుకుంటుంది, బయటి అడ్డుకట్ట దాన్ని ఆపలేదు. కెమెరా ఎస్‌డీ కార్డు పక్కన ఉన్న తాళాన్నీ పూర్తిగా నమ్మకండి. అది కార్డు రీడరుకు చేసే సూచన మాత్రమే, వినడం వినకపోవడం దాని ఇష్టం.

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. యూనికోడులో తెలుగు 1991 నుంచి ఉన్నా, మామూలు కంప్యూటర్లలో అది కుదురుగా కనిపించింది విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకే. అంతకుముందు రాసిన ఉత్తరాలు, కథలు, పెళ్ళి శుభలేఖలు ఏదో ఒక ప్రత్యేక ఫాంటులోనో, ఇంగ్లీషు అక్షరాలతో ఆర్‌టీఎస్ పద్ధతిలోనో ఉంటాయి. ఫాంటు లేకపోతే ఆ ఫైలు తెరిచినా పిచ్చిగీతలే కనిపిస్తాయి. ఫైళ్ళు మాత్రమే ఏరుకుని డిస్కు పారేసినవాళ్ళు ఇక్కడే నష్టపోతారు. డిస్కు మొత్తానికి ఇమేజ్ తీస్తే విండోస్ ఫోల్డరులోని ఆ ఫాంటు కూడా వెంట వస్తుంది.

పెద్ద సంస్థలకూ ఈ నష్టం తప్పలేదు. 1969లో చంద్రుడి మీద మనిషి దిగినప్పుడు వచ్చిన చిత్రాలను నేరుగా నమోదు చేసిన టేపుల కోసం నాసా ఏళ్ళ తరబడి వెతికింది. వాటిని చెరిపి మళ్ళీ వాడేసుకుని ఉంటారని 2009లో తేల్చింది. టీవీలో ప్రసారమైన ప్రతులు మిగిలాయి కానీ, అంతకంటే స్పష్టమైన మూలం పోయింది.

పంతొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో తన సొంత డబ్బుతో పండితులను పెట్టి తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు, వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి చూపించాడు. మూలాన్ని కాపాడు, ప్రతి తీయి, ప్రతిని సరిచూడు. మనం హార్డ్ డిస్కుతో చెయ్యవలసిందీ ఈ మూడు పనులే. ఆ డిస్కులు తయారై ఇరవై, పాతికేళ్ళు దాటుతున్నాయి, ఎప్పటికీ తిరుగుతూ ఉండవు. ఈ సెలవుల్లో ఆ పై అర ఒకసారి చూడండి. మీ అత్తగారినో, మామగారినో పక్కన కూర్చోబెట్టుకుంటే ఫోటోల్లో ఉన్నది ఎవరెవరో కూడా రాసిపెట్టుకోవచ్చు. అది ఏ యంత్రమూ చెప్పలేదు.