గోష్ఠిగానములో మన అక్షరము



ఉగాది వెనుకనే శ్రీరామనవమి వచ్చును. తమిళనాట మేముండే ఊరిలో ఆ సాయంత్రము భజన మందిరమున పిల్లలు, పెద్దలు కలిసి త్యాగరాజస్వామి కీర్తనలు పాడుట ఆనవాయితీ. నెల ముందుగానే సాధన మొదలుపెట్టుదుము. ఈ ఏడు మొదటిరోజుననే ఒక చిక్కు వచ్చినది. అవ్వలు 'గానము' అన్నచోట పిల్లలు 'కానము' అని పాడిరి. అవ్వల చేతిలో పుస్తకము లేదు. పిల్లల చేతిలో తమిళ లిపిలో వ్రాసుకొన్న కాగితములు ఉన్నవి. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒక్కటే అక్షరము. అందరూ నవ్విరి గాని నాకు నవ్వు రాలేదు.

మీరు ఒక్కసారి వెనుకకు చూడండి. తంజావూరు నాయకరాజుల కాలములోను, ఆపైన మరాఠా రాజుల కాలములోను ఆ సీమలో తెలుగు పాటకు ఆస్థానములో పీట ఉండెను. అయితే దానిని వీధిలోనికి తెచ్చినది భజన గోష్ఠి. మరుదానల్లూరు సద్గురుస్వామి ఏర్పరచిన భజన పద్ధతిలో భద్రాచల రామదాసు కీర్తనలకు చోటు దొరికినది. త్యాగరాజస్వామి (1767–1847) ఉంఛవృత్తికి శిష్యులతో పాడుచు వీధులు తిరిగినవారు. ఆయన దివ్యనామ కీర్తనలను గమనించండి. చరణములన్నీ ఒకే వరుసలో నడచును. ఒకరు చెప్పగా పదిమంది అందుకొనవచ్చును. సంగీతము నేర్వనివారు కూడ పాడవలెనని చేసిన కూర్పు అది అని నా నమ్మకము.

తిరువయ్యారు ఆరాధనలో ఈనాడు మనము చూచే సామూహిక గానము మాత్రము అంత పాతది కాదు. గత శతాబ్దపు తొలినాళ్లలో అక్కడ పెద్ద కక్షి, చిన్న కక్షి అని రెండు వర్గములు వేరువేరుగా ఉత్సవము జరిపెడివి. స్త్రీలు పాడుటకు వీలు లేదు. కన్నడ సీమలో పుట్టిన బెంగుళూరు నాగరత్నమ్మగారు తన సొత్తు వెచ్చించి సమాధిపై గుడి కట్టించిరి. 1926లో ప్రతిష్ఠ జరిగినది. గుడి కట్టించిన ఆమెకే పాడు హక్కు లేకపోయినది! ఆమె ఊరకుండక మరుసటి ఏడు స్త్రీలను కూడగట్టి వేరుగా గోష్ఠి నడపిరి. మూడు వర్గములు 1940లో ఒక్కటైనవి. అందరూ గొంతు కలుపుటకు పంచరత్న కృతులు స్థిరపడినది ఆ తరువాతనే. వానిలో నాట రాగ కృతి సంస్కృతము, తక్కిన నాలుగు తెలుగు.

అక్కడ పాడువారిలో పెక్కుమందికి తెలుగు మాతృభాష కాదు. తమిళ లిపిలో అచ్చైన పుస్తకములలో అక్షరము పైన 2, 3, 4 అంకెలు వేసి ఖ, గ, ఘ లను గుర్తించెదరు. పరాయి భాషను శుద్ధముగా పలుకవలెనని వారు పడిన శ్రమ అది. మన పిల్లల కాగితములలో ఆ అంకెలు కూడ లేవు.

పిల్లలను నిందించి లాభము లేదు. 2006 నాటి చట్టముతో 1వ తరగతిలో తప్పనిసరియైన తమిళము ఏటేటా పైకి సాగి 2015–16కు 10వ తరగతిని చేరినది. తమిళము నేర్వవలసినదే. ఉన్న ఊరి భాష కదా! కాని మొదటి భాషగా తెలుగు చదువు చోటు పోయినది. అవ్వకు పాట వచ్చును, మనుమరాలికి అక్షరము రాదు.

అందుచేత ఈసారి పంచరత్నముల జోలికి పోలేదు. ఒక్క దివ్యనామ కీర్తన చాలుననుకొన్నాను. తమిళ కాగితములు తీసివేయించి, నల్లబల్లపై తెలుగులో చరణములు వ్రాసి, అరగంట అక్షరములు, అరగంట పాట చెప్పుచున్నాను. "పండుగ దగ్గర పడుచున్నది, ఇప్పుడు ఓనమాలా అయ్యా?" అని ఒక తల్లి అడిగినది. ఆమెను కూడ పలక పట్టుకొని కూర్చోమన్నాను, కూర్చున్నది. ఇంకను పది రోజులున్నవి. గ, ద, బ లు వచ్చినవి. ఘ, ధ, భ లు మిగిలినవి.