పొరల కార్డు కథ: వెనక ఎవరి పేరు?

ప్రతి ఏడూ ఈ పుస్తకంలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని రాసుకుంటాం. ఈసారి మన చేతిపని ఒకదాని చరిత్ర కూడా రాసుకుందామని కూర్చున్నాం. గ్రీటింగ్ కార్డుల పని మొదలుపెట్టాక మన గ్రూపుల్లో ఒక పేచీ వచ్చింది. ఆ సంగతి చివర్లో చెబుతాం.

కాగితం కత్తిరించి, ఒకదాని మీద ఒకటి ఎత్తుగా అంటించే కార్డు ఈనాటిది కాదు. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ఆయన క్రిస్మస్ కార్డులు అచ్చు వేయించాడు. అచ్చయిన క్రిస్మస్ కార్డుల్లో అదే మొదటిదంటారు. అది పొరలు లేని సాదా కార్డు. పొరల కార్డుని అమెరికాలో పెద్ద వ్యాపారంగా నిలబెట్టింది మాత్రం ఒక ఆడపిల్లే. పేరు ఎస్తేర్ హౌలాండ్, ఊరు వూస్టర్. 1847లో కాలేజీ చదువు ముగించింది. తండ్రికి పుస్తకాలు, కాగితాల కొట్టు ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చిన ఒక ప్రేమికుల రోజు కార్డు చూసి, ఇంతకన్నా బాగా మనమే చేయొచ్చు కదా అనుకుంది. నమూనాలు చేసి అన్న చేతికిచ్చి పంపింది. రెండొందల డాలర్ల ఆర్డరు వస్తే చాలనుకుంటే, ఐదు వేలకు పైగా వచ్చిందని చెబుతారు.

ఒక్కతే చేయలేక స్నేహితురాళ్లను పిలిచింది. ఇంట్లోనే పని పంచింది. ఒకరు కత్తిరించేవారు, ఒకరు రంగు కాగితాలు పేర్చేవారు, ఇంకొకరు అంటించేవారు. బయటికి రాలేని ఆడవాళ్లకు సామాను పెట్టెల్లో ఇంటికే పంపి, అయ్యాక తెప్పించుకునేది. లేసు కాగితం కింద రంగు కాగితం పెట్టడం, మడత కాగితంతో పై పొరను లేపడం ఆమె కార్డుల్లోని అందం. ఇవాళ మనం ఫోమ్ టేపు ముక్కలతో చేసేదీ అదే పని! 1881లో ఆమె ఆ వ్యాపారం అమ్మేసింది.

ఇక డై సంగతి. డై అంటే అంచు పదునుగా ఉన్న ఇనుప అచ్చు. కజ్జికాయల చెక్క నొక్కితే అంచు తెగి పిండి విడిపోయినట్టే, అట్ట మీద డై పెట్టి రోలరు మిషన్లో తిప్పితే పువ్వు పువ్వులాగే తెగి వస్తుంది. వంద తీసినా ఒకటే కొలత.

అయితే కత్తిరించి అందం తేవడం మనకి కొత్తా? తోలుబొమ్మలు గుర్తు చేసుకోండి. మేకతోలును పలచగా చేసి, నగలు ఉండాల్సిన చోట ఉలితో సన్నని చిల్లులు కొడతారు. వెనక దీపం పెడితే ఆ చిల్లులే నగలై మెరుస్తాయి. ఆంధ్ర తోలుబొమ్మల పనికి 2008లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన నరసరావుపేట వైపు కూడా ఆ పని తెలిసినవాళ్లున్నారు. మాచర్ల దగ్గర దుర్గిలో రాతిని చెక్కే చేతులూ మన పల్నాడువే.

మన గ్రూపుల చరిత్ర కూడా ఇందులో కలుస్తుంది. 1982లో డ్వాక్రా మొదలైంది. 1992లో నాబార్డు గ్రూపులను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. అప్పు తెచ్చుకోవడం, తీర్చడం నేర్చుకున్నాం. మన పనికి వెల కట్టడం మాత్రం ఇంకా సరిగ్గా నేర్చుకోలేదు.

ఆ పేచీ ఇదే. ఒక కొట్టాయన మన కార్డులు చూసి, "బాగున్నాయమ్మా, అన్నీ నేనే తీసుకుంటాను. వెనక మీ గ్రూపు పేరు తీసేయండి, మా పేరు వేసుకుంటాం" అన్నాడు. చేతికొచ్చిన ఆర్డరు, పేరుదేముంది అన్నారు కొందరు. వద్దన్నారు కొందరు. అప్పుడు ఒక అక్క గడియారం ముందు పెట్టుకుని కార్డు చేసి చూసింది. ముప్పావు గంట పట్టింది. అట్ట, టేపు, బంక ఖర్చు మాత్రమే లెక్కేసుకున్నాం కానీ, ఆ ముప్పావు గంట ఎవరూ లెక్కేయలేదు!

హౌలాండ్ తన తొలి కార్డుల వెనక ఎర్రగా ఒక్క 'హెచ్' అక్షరం వేసేది. అందుకే ఇన్నేళ్లకీ అవి ఎవరివో తెలుస్తోంది. అంటించిన ఆడవాళ్ల పేర్లు మాత్రం ఆ కార్డు మీద లేవు.

ఆ ఆర్డరు వదులుకున్నాం. బాధ లేదని అబద్ధం చెప్పం. కానీ తీర్మానం రాసుకున్నాం: ముందు కూలి, తర్వాత సామాను, ఆ పైన లాభం. ప్రతి కార్డు వెనక గ్రూపు పేరు, చేసినామె పేరు ఉండాలి. అక్కచెల్లెళ్లారా, ఈసారి కార్డు కొంటే ముందు వెనక్కి తిప్పి చూడండి.