ఏలూరు నేలకొరిగిన వారం

ఏం జరిగిందో మనకు ముందే తెలుసు. దాదాపు 600 మంది పడిపోయారు. ఒక ప్రాణం పోయింది. మిగిలినవాళ్లు లేచి ఇళ్లకు వెళ్లారు. అయినా ఆ వారాన్ని తలుచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

2020 డిసెంబరు 5, శనివారం. కరోనాను ఎలాగో దాటేస్తున్నామని ఊరు ఊపిరి పీల్చుకుంటున్న రోజులు. వన్‌టౌన్‌లో దక్షిణపు వీధి, పడమర వీధి, అశోక్‌నగర్, అరుంధతీపేట. అప్పటిదాకా బాగున్న మనిషికి ఉన్నట్టుండి కళ్లు తిరిగేవి, ఒళ్లు కొంకర్లు పోయేది, నోట నురగ వచ్చేది. కొన్ని నిమిషాలకు తెలివొచ్చేది, జరిగింది గుర్తుండేది కాదు. పసిపిల్లలూ పడ్డారు, ముసలివాళ్లూ పడ్డారు. ఒకే కంచంలో తిన్నవాళ్లలో ఒకరు పడితే ఒకరు నిలబడ్డారు. పెద్దాసుపత్రిలో మంచాలు నిండిపోయాయి.

కరోనా కాదన్నారు. మెదడు స్కానింగులు బాగానే ఉన్నాయన్నారు. నీళ్లలో బ్లీచింగు ఎక్కువైందేమో అనుకున్నారు. కానీ మున్సిపల్ నీళ్లు తాగనివాళ్లూ పడ్డారు. ఎయిమ్స్ వాళ్లకు రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఎయిమ్స్, పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ ఇచ్చిన నివేదికలు చూసి ప్రభుత్వం చివరికి పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమని చెప్పింది. కానీ ఆ మందు ఒంట్లోకి ఏ దారిన వచ్చింది? నీళ్లలోనా, కూరలోనా, పాలలోనా? అక్కడే మాట ఆగిపోయింది. పడిపోయే ముందు పూట తిన్న కూర, తాగిన గ్లాసెడు నీళ్లు ఇక ఏ ప్రయోగశాలకూ దొరకవు.

ఆ శనివారానికి ముందే ఆగి చూసుకోవాల్సిన ఏళ్లు ఎన్ని గడిచిపోయాయో! గోదావరి నీళ్లు, కృష్ణ నీళ్లు కాలువల వెంట ఎన్ని వరిచేలు దాటి ఏలూరు చేరతాయో ఎవరికి తెలియదు? చేల మురుగు, చెరువుల మురుగు కొల్లేరు సరస్సులోకే పోతాయని ఎవరికి తెలియదు? నీళ్లనూ కూరగాయలనూ క్రమం తప్పకుండా పరీక్షిస్తూ వచ్చి ఉంటే, పోల్చి చూడ్డానికి పాత లెక్కైనా చేతిలో ఉండేది. తర్వాతైనా, ఎందుకు జరిగిందని పట్టుబట్టి అడిగే దారి ఒకటి మిగిలింది. కానీ మంచాలు ఖాళీ అయ్యేకొద్దీ కెమెరాలు వెళ్లిపోయాయి, అడిగే గొంతులు తగ్గాయి. పడిన బిడ్డ లేచిందన్న సంతోషంలో, ఎందుకు పడిందన్న ప్రశ్నను ఊరే వదిలేసుకుంది. ఆ తల్లులను తప్పుపట్టలేం. అడగాల్సినవాళ్లు వేరే ఉన్నారు.

నెల తిరిగేసరికి, 2021 జనవరిలో, భీమడోలు మండలం పూళ్లలో జనం అలాగే పడిపోయారు. ఆ వెనకే దెందులూరు మండలం కొమిరేపల్లిలో కూడా.