తూము మూసేదెవరు? ఒక స్ప్రింక్లర్ పెట్టె కథ

ఈ ఎపిసోడ్ నిజానికి టెక్ వీడియోగా మొదలైంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌తో ఇంటి తోటకి వైఫై స్ప్రింక్లర్ కంట్రోలర్ ఎలా పెట్టుకోవాలో చెప్దామనుకున్నా. కానీ నేను పెట్టిన కంట్రోలర్ వల్ల మా అమ్మ నడి మే నెలలో రెండు రోజులు నీళ్లు లేకుండా ఉండాల్సొచ్చింది. ఎందుకిలా అయ్యిందని వెతుక్కుంటూ పోతే, కథ నన్ను 650 ఏళ్లు వెనక్కి తీసుకెళ్లింది. అందుకే ఈరోజు కోడ్ తక్కువ, చరిత్ర ఎక్కువ.

మా ఇల్లు కడప జిల్లా బద్వేలులో. నేనుండేది హైదరాబాద్‌లో. పెరట్లో జామ, నిమ్మ, కరివేపాకు, నాలుగు మల్లె పొదలు, కాస్త గడ్డి. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైపు పట్టుకుని తిరగలేదు. సరే, నేనే ఏదో ఒకటి చేస్తానని రంగంలోకి దిగా.

సెటప్ వినండి, పెద్ద కష్టం కాదు. పై బోర్డు మీద ఉండే పిన్నులు ఇచ్చేది 3.3 వోల్టులే. దాంతో ఒక చిన్న ఎల్ఈడీ వెలుగుతుంది తప్ప నీళ్ల వాల్వ్ కదలదు. తోటల్లో వాడే సోలినాయిడ్ వాల్వ్‌కి సాధారణంగా 24 వోల్టుల ఏసీ కరెంటు కావాలి. మధ్యలో రిలే బోర్డు పెడతాం. పై చిటికెన వేలుతో సైగ చేస్తుంది, రిలే ఆ సైగ చూసి పెద్ద స్విచ్ వేస్తుంది. ఒక రిలే వాల్వ్‌కి, ఇంకోటి సంపు మోటారుకి. మెట్ల కింద ఒక ప్లాస్టిక్ పెట్టెలో అన్నీ సర్దేశా. ఇక హైదరాబాద్‌లో నా ఫోన్‌లో బటన్ నొక్కితే బద్వేలులో జామచెట్టు తడుస్తుంది. నా అంతోడు లేడనుకున్నా.

ఒకరోజు తెల్లారుజామున అమ్మ ఫోన్. "ఒరేయ్, సంపులో చుక్క నీళ్లు లేవు రా. మోటారు కాడ కాలిన వాసన వస్తాంది. పెరడంతా మడుగైపోయింది."

ఏం జరిగిందంటే, నా ప్రోగ్రాం మూడే పనులు చేస్తుంది. వాల్వ్ తెరువు, 20 నిమిషాలు ఆగు, వాల్వ్ మూయి. మధ్యలో నిమిషానికోసారి నా ఫోన్‌కి "నడుస్తోంది" అని మెసేజ్ పంపుతుంది. ఆ రాత్రి ఇంటర్నెట్ పోయింది. మెసేజ్ వెళ్లక ప్రోగ్రాం ఎర్రర్ కొట్టి చచ్చిపోయింది. కానీ ప్రోగ్రాం పోయినా పిన్ను ఎలా ఉన్నది అలాగే ఉండిపోయింది. తెరిచి! మూసే లైను దాకా ప్రోగ్రాం రానే లేదు. రాత్రంతా మోటారు నడిచి, సంపు ఖాళీ చేసి, ఆఖరికి నీళ్లు లేక కాలిపోయింది. ఆ ఎండల్లో ట్యాంకర్ రావడానికి రెండు రోజులు పట్టింది. అమ్మ పక్కింటి నుంచి బిందెలతో మోసుకుంది. ఆ మోకాళ్లతోనే.

రిపేరుకని ఊరొచ్చినప్పుడు అమ్మ నన్నేమీ తిట్టలేదు. ఒకే మాట అంది. "మీ జేజినాయన ఎప్పుడూ తూము తెరిచి ఇంటికి రాలేదు రా."

జేజినాయన అంటే తాత, మా వైపు అలాగే పిలుస్తాం. ఆయన చెరువు కింద నీరుగంటి. తెలంగాణలో నీరడి అంటారు, నీరటి అంటారు. తూము తెరవడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లో చూడటం, చివరి మడి దాకా నీళ్లు పారేలా చేయడం, మళ్లీ తూము మూయడం, ఇవన్నీ ఆయన పనులు. పగలు నీడ చూసి, రాత్రి గొల్లకావడి చుక్కలు ఎక్కడికొచ్చాయో చూసి టైం చెప్పేవాడట. ఆలోచిస్తే, నేను ప్లాస్టిక్ పెట్టెలో పెట్టింది ఆయన్నే కదా!

మా బద్వేలుకి దగ్గర్లోనే పోరుమామిళ్ల చెరువు ఉంది. 1369లో విజయనగర రాజు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, శాసనంలో పేరు భవదూరుడు, కట్టించాడు. అక్కడి సంస్కృత శాసనం దాదాపు ఒక ఇంజినీరింగ్ పాఠం. మంచి చెరువుకి 12 సాధనాలు కావాలంటుంది, 6 దోషాలు ఉండకూడదంటుంది. రోజుకి వెయ్యి మంది కూలీలు, 100 బండ్లు, రెండేళ్లు పట్టిందని కూడా చెక్కారు. ఆ ఆరు దోషాల్లో ఒకటి విన్నాక నాకు నవ్వాగలేదు: నీళ్లు తక్కువ, తడపాల్సిన నేల ఎక్కువ. మా సంపు, మా పెరడు!

చెరువు కట్టడం రెండేళ్ల పని. దాన్ని నడపడం మాత్రం తరతరాల పని. ఆ నడిపిన మనిషి పనులను తర్వాతి కాలంలో ఒక్కొక్క యంత్రం ఎలా తీసుకుందో ఇప్పుడు చూద్దాం.

ముందు టైం. మన దగ్గర పగలూ రాత్రీ కలిపి 60 గడియలు, గడియ అంటే 24 నిమిషాలు. అడుగున సన్నటి చిల్లి ఉన్న రాగి గిన్నెని నీళ్ల మీద వదిలితే, అది మునగడానికి పట్టే టైమే గడియ. నీళ్లతోనే టైం కొలిచారన్నమాట.

తర్వాత నీళ్లు చల్లడం. 1930ల్లో కాలిఫోర్నియాలోని గ్లెండోరాలో ఆర్టన్ ఎంగిల్‌హార్ట్ అనే నిమ్మజాతి తోటల రైతు ఉండేవాడు. 1933లో ఆయన ఒక చిన్న సుత్తి ఉన్న స్ప్రింక్లర్ చేశాడు. నీటి ధార సుత్తిని నెడుతుంది, స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది, ఆ దెబ్బకి తల కొంచెం తిరుగుతుంది. టిక్ టిక్ టిక్! 1935లో పేటెంట్ వచ్చింది. ఆ హక్కులతో మొదలైన కంపెనీయే రెయిన్ బర్డ్. మన అనంతపురం, కడప వేరుశనగ చేలల్లో మీరు విన్న చప్పుడు ఆ సుత్తి వారసులదే. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలయ్యాక డ్రిప్పు, స్ప్రింక్లర్లు సబ్సిడీతో ఊరూరికీ వెళ్లాయి.

ఆ తర్వాత నడక. తూము దాకా నడిచి వెళ్లే పని వైర్‌లెస్ తీసుకుంది. 1971లో హవాయి యూనివర్సిటీ వాళ్లు దీవుల మధ్య కేబుల్ లేకుండా రేడియోతో కంప్యూటర్లని కలిపారు, దాని పేరు అలోహానెట్. మీ ఫోన్‌లోని వైఫైకి అది పెద్దన్న లాంటిది. వైఫై మొదటి ప్రమాణం 1997లో వచ్చింది.

చివరికి బుర్ర. 2000ల్లో కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్స్‌కి వచ్చే పిల్లలు తగ్గిపోతున్నారని, వచ్చినవాళ్లకీ చేత్తో చేసిన అనుభవం లేదని ఎబెన్ అప్టన్, ఆయన తోటివాళ్లు బాధపడ్డారు. పాడైపోయినా ఇంట్లో తిట్లు పడనంత చవక కంప్యూటర్ పిల్లల చేతికివ్వాలి అనుకున్నారు. 2012 ఫిబ్రవరి 29న 35 డాలర్లకి రాస్ప్‌బెర్రీ పై అమ్మకానికి పెడితే, ఆ తాకిడికి అమ్మేవాళ్ల వెబ్‌సైట్లు నిలబడలేదు. 2016లో వచ్చిన పై 3లో వైఫై బోర్డులోనే ఉంది. 2017లో వైఫైతో పై జీరో డబ్ల్యూ 10 డాలర్లకే వచ్చింది. పిల్లల కోసం చేసిన బోర్డు తోటల్లోకీ దూరింది. ఓపెన్‌స్ప్రింక్లర్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులు దీన్ని వాతావరణ సమాచారంతో కలిపి, వాన పడితే నీళ్లు ఆపేలా చేశాయి.

ఇది చిన్న విషయం కాదు. మామూలు టైమరుకి గడియారం తెలుసు కానీ ఆకాశం తెలీదు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా ప్రకారం, ఇళ్ల బయట తోటలకి పెట్టే నీళ్లలో సగం దాకా గాలికి, ఎండకి, పొంగి పారిపోయి వృథా కావొచ్చు.

మన దగ్గర కూడా ఇదే కథ ఇంకో రూపంలో జరిగింది. త్రీ ఫేజ్ కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే రైతు టార్చిలైటు పట్టుకుని బోరు దగ్గరికి పోవాలి. పాములు, షాకులు, ఎన్ని ప్రాణాలు పోయాయో! అందుకే ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే మొదలవుతుంది. ప్రాణం నిలిచింది, మంచిదే. కానీ అన్ని మోటార్లూ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం. మడి నిండినా ఆపే మనిషి ఉండడు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయండి, లేకపోతే భూగర్భజలం అడుగంటుతుందని రైతులకి ప్రచారం చేయాల్సొచ్చింది.

గమనించారా? ఆటో స్టార్టరూ నా పెట్టే చేసిన తప్పు ఒక్కటే. తెరవడం యంత్రానికి నేర్పాం. మూసే బాధ్యత ఎవరికీ ఇవ్వలేదు. తెరవడం బటన్ పని, మూయడమే నీరుగంటి పని.

ఇప్పుడు మా సెటప్ ఎలా ఉందంటే, మూయడం పై చేతిలో ఒక్కదానిలోనే లేదు. మోటారు లైనులో విడిగా ఒక టైమర్ రిలే పెట్టా. పై బతికున్నా చచ్చినా 25 నిమిషాలకి కరెంటు కట్. సంపులో ఫ్లోట్ స్విచ్ ఉంది, నీళ్లు తగ్గితే మోటారు ఆగుతుంది. పై స్టార్ట్ అవగానే చేసే మొదటి పని అన్నీ మూయడం. నా పాత పై బోర్డుకి సొంత గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడు నెట్ లేకపోతే దానికి టైం తెలీదు. అందుకని చిన్న క్లాక్ మాడ్యూల్ తగిలించా. మెసేజ్ వెళ్లకపోయినా ప్రోగ్రాం ఆగదు. అన్నిటికంటే ముఖ్యంగా, గోడ మీద ఒక పెద్ద ఎర్ర స్విచ్. అది అమ్మ కోసం. ఫోనూ వద్దు, యాప్ వద్దు. నొక్కితే అన్నీ బంద్.

మొన్న వాన మబ్బు పట్టింది. నా యాప్‌లో వాన సూచన లేదు, సాయంత్రం నీళ్లకి పెట్టె సిద్ధంగా ఉంది. అమ్మ ఆకాశం వైపు చూసి పోయి ఎర్ర స్విచ్ నొక్కింది. గంటలో వాన దంచి కొట్టింది. ఫోన్‌లో అమ్మ అంది, "నీ పెట్టెకి మట్టి వాసన తెలీదు లే."

మీ ఊర్లో తూము చూసుకునే మనిషిని ఏమని పిలిచేవాళ్లు? ఇంట్లో పెద్దవాళ్లని అడిగి కామెంట్‌లో రాయండి. మీరు కూడా ఇలాంటి కంట్రోలర్ పెడుతుంటే, తెరిచే కోడ్ రాసే ముందు మూసే కోడ్ రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.