వెండి నాణెమును శుభ్రపరుపవలెనా?

1906వ సంవత్సరమున నాసిక జిల్లాలోని జోగళ్తంభి గ్రామమున నొక వెండి నాణెముల నిక్షేపము బయల్పడినది. లెక్కింపగా 13,250 నాణెములు తేలినవి. అన్నియు క్షహరాత వంశీయుడైన నహపానుడు వేయించినవే. కాని వానిలో తొమ్మిదివేలకు మించిన వానిపై మరియొక ముద్ర కలదు: ఒకవైపు మూడు కమానుల గుట్ట, మరియొకవైపు ఉజ్జయినీ చిహ్నము, వానితోపాటు గౌతమీపుత్ర శాతకర్ణి పేరు. గెలిచిన రాజు ఓడినవాని సొమ్మును కరగింపలేదు. వాని ముఖము మీదనే తన ముద్ర కొట్టించి మరల అంగడికి పంపెను.

గౌతమీపుత్రుడు క్షహరాత వంశమును నిర్మూలించెనని నాసిక గుహలోని శాసనము చెప్పుచున్నది. అది పులుమావి 19వ రాజ్య సంవత్సరమున గౌతమీ బాలశ్రీ వ్రాయించినది. కుమారుని కీర్తిని తల్లి చెప్పించిన మాట గనుక పండితులు కొంత తగ్గించియే చదువుదురు. నాణెమునకు అట్టి వాత్సల్యము లేదు. క్రింది ముద్ర నహపానునిది, పైముద్ర శాతకర్ణిది అను క్రమమే సాక్ష్యము.

ఆ క్రింది ముద్ర ఎంత మిగిలియున్నదో ఊహింపుడు. రెండవ దెబ్బకు అణగిపోగా ఒకచోట ముక్కుకొన, ఒకచోట గ్రీకు లిపి అక్షరము సగము, మరియొకచోట బ్రాహ్మీ లేక ఖరోష్ఠీ గీత. వెండ్రుకవాసి ఎత్తు కూడ లేని ఈ గుర్తులు చింతపండుతో, విభూతితో నాలుగు మారులు రుద్దినచో మొదట పోవునవి. అట్లు తోమిన నాణెము తళతళ మెరయును గాని, అందులోని నహపానుడు మాయమగును.

వెండికి నలుపు ఎట్లు వచ్చునో తెలిసిన గాని ఈ విషయమున నిర్ణయము చేయజాలము. గాలిలోని గంధక సంబంధమైన వాయువులు వెండితో కలిసి పలుచని నల్లని పొరగా ఏర్పడును. ఈ పొర వెండినుండి పుట్టినదే. కావున దానిని తీసినప్పుడెల్ల పైపొర వెండి కొంత పోయినట్లే. నాణెముల అంగళ్లలో అమ్ము ముంచుడు ద్రావకములును ఈ దోషమునకు అతీతములు కావు. భూమిలో నున్న వెండి కథ వేరు. ఉప్పు కలిసిన నేలలో అది మైనమువంటి బూడిదవన్నె పొరగా మారును. కలిపిన రాగి పైకి వచ్చి పచ్చని చిలుముగా కట్టును. శతాబ్దములు గడచిన పిమ్మట లోహము పెళుసై వ్రేళ్లమధ్యనే విరుగవచ్చును.

మన యిండ్లలోని రూపాయలును ఇట్లే చరిత్ర గలవి. 1835 చట్టము ననుసరించిన రూపాయి తూకము 180 గ్రెయినులు. అందు పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు వెండి. 1862 అని అచ్చుపడిన విక్టోరియా రాణి రూపాయలు అటుపిమ్మటి పలు సంవత్సరములలోను అదే అంకెతో వెలువడినవి. బొంబాయి టంకశాల వేసిన వానిపై గల సన్నని చుక్కలనుబట్టి నిజమైన సంవత్సరమును గుర్తింతురు. వరలక్ష్మీ వ్రతమునాడు ఏటేట తోమబడిన రూపాయిపై ఆ చుక్క నిలుచునా? పూజకు వేరొక రూపాయిని కేటాయించుట మేలు. దేవి ఆగ్రహింపదు.

ఇక నిపుణునికి అప్పగింపవలెనా అనునది ప్రశ్న. నా అభిప్రాయమున, నలుపు సమముగా, నిలకడగా నున్నచో చేయి పెట్టరాదు. ఆ నలుపు వయస్సు చిహ్నమే గాని వ్యాధి కాదు. సేకరించువారు దానిని కోరుదురు కూడ. అమెరికాలోని శ్రేణీనిర్ణయ సంస్థలు గీతలుపడ తోమిన నాణెమునకు మామూలు అంకెల శ్రేణి నీయవు. కాని పచ్చని చిలుము ఏటేట పెరుగుచున్నను, పి.వి.సి. సంచులలో నుంచుటచే జిగురువంటి పచ్చని పూత అంటినను ఊరకుండరాదు. అప్పుడు జాగు చేయుటయే నష్టము. రెండు నాణెములు అంటుకొని ముద్దకట్టినచో కంసాలి ఆమ్లము కంటె నిపుణుని సూదియే శరణ్యము.

మనదేశమున ఈ విద్య క్రొత్తది కాదు. పురావస్తు శాఖ రసాయనజ్ఞుని 1917లోనే నియమించినది. లక్నోలో సాంస్కృతిక సంపద పరిరక్షణకై జాతీయ పరిశోధనశాల 1976లో ఏర్పడినది. నిపుణుని సంప్రదించునప్పుడు మూడు సంగతులు తప్పక అడుగవలెను: ఏ ద్రావకము వాడుదురు, ఎంతవరకు తీయుదురు, మునుపటి ఛాయాచిత్రము, తూకము వ్రాసి యిత్తురా? మూడవదానికి సమాధానము రానిచో నాణెమును వెనుకకు తెచ్చుకొనుట మంచిది.

పొలములో దొరికిన నాణెము మాత్రము దొరికినవాని ఇచ్చకు వదలినది కాదు. పది రూపాయలకు మించిన నిక్షేపమును కలెక్టరుకు తెలుపవలెనని 1878 చట్టము విధించెను. కడిగి, పంచుకొని, కరగించిన పిదప చెప్పుటకేమి మిగులును? అమరావతిలో దొరికిన వేలకొలది విద్ధాంక నాణెములు ఒక్కచోట నిలిచినందుననే పరమేశ్వరీలాల్ గుప్త వానిని పరిశీలించి 1963లో గ్రంథముగా వెలువరింపగలిగిరి. ఒక్కొక్క నాణెమునకు వేరువేరుగా కొట్టిన చిన్న చిన్న గుర్తులే అట్టి పరిశోధనకు ఆధారము. ఒక గుర్తు అరిగినచో ఆ నాణెము ఏ వర్గమునకు చెందునో తేల్చుట కష్టము.

అందుచేత నాణెము గలవారు ముందుగా చేయదగిన పని చిన్నది: ఆమ్లము లేని కాగితపు పొట్లమున నుంచి, ఎవరివద్ద, ఎక్కడ, ఎప్పుడు లభించినదో పైన వ్రాసి, అంచు మాత్రమే పట్టుకొని తీయుట.