హసంతి – పొయ్యి నేర్చిన పొదుపు

అమరకోశంలో కుంపటికి అంగారధానిక, అంగారశకటి, హసంతి, హసని అనే పేర్లు కనబడతాయి. మొదటి రెండూ పని చెప్పే పేర్లు: నిప్పులుండేది, నిప్పుల బండి. తక్కిన రెండింటికీ మూలం నవ్వు అనే అర్థం గల ధాతువు. హసంతి అంటే నవ్వుతున్నది. నివురు తొలగి తళుక్కుమన్న నిప్పుకణికలో నవ్వును చూసిన వారెవరో గాని, రసజ్ఞులు.

మన తెలుగునాట ఆ నవ్వు కొద్దినాళ్ళది. పుష్య మాఘాలలో వేకువజామున ఒక నెగడు, బాలెంతరాలి మంచం కింద ఒక కుంపటి, భోగినాడు ఒక మంట. దానితో మన చలి తీరిపోతుంది. ఉత్తర ఐరోపాలో అట్లా కాదు. ఏడాదిలో దాదాపు సగకాలం ఇల్లు వెచ్చజేసుకోకపోతే బ్రతుకు గడవదు. పొయ్యి అంటే వంటకే అనుకునే మనకు, ఇంటిని వెచ్చజేయడానికే ఒక పొయ్యి, దానికోసం రాజ్యమే పూనుకొని చేయించిన పరిశోధన ఉన్నాయంటే వింతగా తోస్తుంది. ఆ కథ స్వీడన్ దేశానిది.

పద్దెనిమిదవ శతాబ్దంలో స్వీడన్‌కు ఇనుము ముఖ్యమైన ఎగుమతి. ఖనిజాన్ని కరిగించే కొలుములకు కట్టెబొగ్గు కావాలి. ఇళ్ళకూ అదే అడవి కట్టె కావాలి. ఇళ్ళలో గోడకు ఆనించి కట్టిన తెరిచిన పొయ్యిలుండేవి. వాటి వేడిలో అధికభాగం పొగగొట్టం గుండా ఆకాశానికే పోయేది. మంట ముందు కూర్చుంటే ముఖం కాలేది, వీపు వణికేది; మంట ఆరితే గది మళ్ళీ చల్లబడేది. అడవులకు నెలవైన ఆ దేశానికి కూడా కట్టె చాలదేమోనన్న భయం పట్టుకున్నది.

1767లో రాజ్యం కార్ల్ యోహన్ క్రోన్‌స్టెట్ అనే వాస్తుశిల్పికి, ఫాబియాన్ వ్రేడె అనే ప్రభువుకు కట్టెను ఆదా చేసే పొయ్యి రూపొందించమని పని అప్పగించింది. వారు కొత్త ఇంధనాన్ని కనిపెట్టలేదు; పొగ నడిచే దారిని మార్చారు. పొయ్యి నుండి లేచిన పొగ తిన్నగా పైకి పోకుండా, ఇటుకలతో కట్టిన నిలువు గొట్టాలలో పైకీ కిందికీ తిరిగి, తన వేడినంతా ఇటుకలకు ఇచ్చి, చల్లబడిన తరువాతనే బయటికి పోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కట్టెలు మండిస్తే చాలు. ఆ ఇటుకల దిమ్మె గంటల తరబడి మెల్లగా వేడిని వదులుతూ ఉంటుంది. పైన మెరుగుపెట్టిన పింగాణీ పలకలు పొదుగుతారు. దానిని అక్కడ కాకెలుంగ్న్ అంటారు. పలకల పొయ్యి అని అర్థం.

ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. వేడి బయటికి పోకుండా పొగదారికి ఒక మూత ఉంటుంది. కణికలు పూర్తిగా ఆరకముందే దానిని మూస్తే, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ గదిని నింపి ప్రాణం తీస్తుంది. మూసిన గదిలో అంగీఠీ పెట్టుకొని నిద్రించి మరణించినవారి వార్తలు ఉత్తర భారతం నుండి నేటికీ వస్తున్నాయి. నవ్వే హసంతికి ఈ రెండవ ముఖమూ ఉన్నది.

ఇంతకు కొంచెం ముందే అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా కట్టె ఆదా చేసే ఇనుప పొయ్యిని రూపొందించి, 1744లో దానిపై ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. దానికి పేటెంటు ఇస్తామన్నా పుచ్చుకోలేదు. అంతకు మునుపు 1713లోనే, సాక్సనీ గనుల అధికారి హాన్స్ కార్ల్ ఫాన్ కార్లోవిట్జ్ అడవుల పెంపకంపై గ్రంథం వ్రాశాడు. గనులకు కావలసిన కలప తరిగిపోవడం చూసి, అడవి ఎంత పెరుగుతుందో అంతే కొట్టాలన్నాడు. అందులో ఆయన వాడిన నాఖ్‌హాల్టెండ్ అనే మాటకు నిలకడగా సాగేది అని అర్థం. నేడు మనం సుస్థిరత అంటున్న భావానికి అది తొలిరూపాలలో ఒకటి.

తరువాత రాక్షసిబొగ్గు వచ్చింది, దాని వెనుక చమురు వచ్చింది. పలకల పొయ్యిలు చాలా ఇళ్ళలో అలంకారప్రాయంగా మిగిలాయి. 1973 చమురు సంక్షోభం స్వీడన్‌కు మళ్ళీ అడవిని గుర్తుచేసింది. అయితే ఈసారి ఇంటింటికీ పొయ్యి కాదు, ఊరుమ్మడి కొలిమి. ఒకచోట నీళ్ళు కాచి, భూమిలోని గొట్టాల గుండా ఇళ్ళకు పంపుతారు. వెక్షో పట్టణం 1980లో అట్టి కొలిమిలో చమురుకు బదులు కట్టె ఇంధనం వాడడం మొదలుపెట్టింది. కలప మిల్లుల రంపపుపొట్టు, బెరడు, అడవిలో మిగిలిన కొమ్మలు దానికి మేత. 1991లో దేశం కార్బన్ పన్ను విధించడంతో చమురు కంటె కొమ్మలే చవక అయినాయి.

అడవి లేనివారి సంగతి ఏమిటి? ఐస్‌లాండ్‌ను చూడండి. తొమ్మిదవ శతాబ్దంలో మనుషులు వచ్చి స్థిరపడిన తరువాత అక్కడి భూర్జవృక్షాల అడవులు చాలావరకు నశించాయి. ఆ తరువాత వారు బురదనేలల పీటును, ఎండిన గొర్రెపెంటను కాల్చుకున్నారు. మన పిడకకు అది దూరపు చుట్టమే. 1930లో రేక్యవిక్ నగరంలో, స్త్రీలు బట్టలుతుక్కునే వేడినీటి ఊటల నుండి గొట్టం వేసి ఒక బడికి, కొన్ని ఇళ్ళకు వేడి అందించారు. నేడు ఆ దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళు భూగర్భపు వేడితోనే చలి కాచుకుంటున్నాయి.

కట్టె పునరుత్పాదక ఇంధనమని నేడు తరచుగా వింటాము. ఆ మాట సగమే నిజం. ఒక రాత్రి కాలిపోయే మొద్దు తిరిగి చెట్టు కావడానికి దశాబ్దాలు పడుతుంది. దాని పొగ ఊపిరితిత్తులకు మంచిదీ కాదు. కొట్టిన చోట మరొకటి పెరిగితే, పెరిగేదానికి మించి కొట్టకపోతే, పొయ్యి వేడిని పారబోయకపోతే – అప్పుడే ఆ విశేషణం కట్టెకు చెల్లుతుంది. తిరిగి పుట్టే గుణం చెట్టుకు ఉన్నది. పుట్టనిచ్చే గుణం మనిషికి ఉండాలి. కార్లోవిట్జ్ అడవి వైపు నుండీ, క్రోన్‌స్టెట్ పొయ్యి వైపు నుండీ చెప్పింది ఈ ఒక్క మాటే.