భిలాయ్ నుంచి డోంగర్‌గఢ్ పాదయాత్ర: వానకాలపు నడకకు ముందస్తు సన్నాహాలు

ఉక్కు నగరం భిలాయ్ నుంచి డోంగర్‌గఢ్‌లోని మా బమ్లేశ్వరి ఆలయానికి దసరా నవరాత్రులలో సాగే పాదయాత్ర ఛత్తీస్‌గఢ్‌లో పేరొందిన కాలినడక యాత్రలలో ఒకటి. మొక్కు తీర్చుకునేందుకు, అమ్మవారి దర్శనం కోసం దుర్గ్, భిలాయ్, రాజ్‌నాంద్‌గావ్ ప్రాంతాల నుంచి భక్తులు పెద్ద సంఖ్యలో ఈ దారిన నడుస్తారు. వీరిలో భిలాయ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాల వారూ ఉంటారు. సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకున్న భిలాయ్ ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఆ తరువాతి దశాబ్దాలలో ఉపాధి కోసం తరలివచ్చిన తెలుగువారు ఇక్కడి పండుగలను, యాత్రలను కూడా తమవిగా చేసుకున్నారు.

ఈ యాత్రలో నవరాత్రుల తిథి రుతుపవనాల చివరి రోజులతో కలిసినప్పుడు సమస్య ఎదురవుతుంది. తడిసిన రహదారి, పొంగే వాగులు, పిడుగులు, నీటిలో నానిన పాదాలు నడకను కష్టతరం చేస్తాయి. మొక్కుకున్న నడకను మధ్యలో ఆపడానికి మనసు సులభంగా అంగీకరించదు. అందువల్ల ఎక్కడ ఆగాలి, ఎప్పుడు వెనుదిరగాలి అన్నది దారిలో కాకుండా, బయలుదేరడానికి ముందే ఇంటి వద్ద నిర్ణయించుకోవడం ఈ యాత్రలో అన్నింటికన్నా ముఖ్యమైన జాగ్రత్త.

మార్గం, దూరం

డోంగర్‌గఢ్ దుర్గ్ నుంచి సుమారు 67 కిలోమీటర్ల దూరంలో, రాజ్‌నాంద్‌గావ్‌కు పశ్చిమాన సుమారు 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. భిలాయ్ టౌన్‌షిప్ నుంచి బయలుదేరేవారు మొత్తం 75 కిలోమీటర్ల వరకు నడవవలసి ఉంటుంది. దుర్గ్ దాటి శివ్‌నాథ్ నది వంతెన మీదుగా అంజోరా, టేడేసరా, సోమ్నీ గ్రామాలను దాటుకుంటూ 53వ నంబరు జాతీయ రహదారిపై రాజ్‌నాంద్‌గావ్ చేరడం ప్రధాన మార్గం. అక్కడి నుంచి జాతీయ రహదారిపైనే తుమ్‌డీబోడ్ వరకు వెళ్లి కుడివైపు తిరగవచ్చు, లేదా ముసరా మీదుగా వెళ్లవచ్చు.

హౌరా – ముంబయి ప్రధాన రైలు మార్గం దుర్గ్, రాజ్‌నాంద్‌గావ్, డోంగర్‌గఢ్‌లను కలుపుతూ దాదాపు ఇదే దిశలో సాగుతుంది. వానకాలంలో నడిచేవారికి ఇది ఎంతో అనుకూలం. నడక సాగించలేని పరిస్థితి ఏర్పడినా తిరిగి ఇంటికి చేరే దారి ఎక్కువ దూరంలో ఉండదు.

తిథి, రుతువు

శరన్నవరాత్రులు ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి నాడు ప్రారంభమవుతాయి. చాంద్రమానం ప్రకారం వచ్చే ఈ తిథి ఏటా ఒకే తేదీన రాదు. 2023లో అధిక శ్రావణం రావడంతో నవరాత్రులు అక్టోబర్ 15న మొదలయ్యాయి. 2024లో అక్టోబర్ 3న, 2025లో సెప్టెంబర్ 22న ఆరంభమయ్యాయి. ఛత్తీస్‌గఢ్ నుంచి నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబర్ మొదటి పక్షంలో నిష్క్రమిస్తాయి. అంటే తిథి సెప్టెంబర్‌లో పడిన ఏడాది యాత్ర వర్షాల నడుమ సాగుతుంది, అక్టోబర్ మధ్యలో పడిన ఏడాది పొడి వాతావరణంలో సాగే అవకాశం ఎక్కువ. కిందటి ఏడాది అనుభవం ఆధారంగా ఈ ఏడాది సామగ్రి సర్దుకోవడం అందుకే సరికాదు. పంచాంగంతో పాటు రుతుపవనాల స్థితిని కూడా చూసుకోవాలి.

మజిలీల నిర్ణయం

పొడి నేలపై గంటకు 4 కిలోమీటర్లకు పైగా నడవగలవారు కూడా వానలో, బృందంతో కలిసి నడిచేటప్పుడు 3 నుంచి 3.5 కిలోమీటర్లకు మించి వెళ్లలేరు. ఆ లెక్కన 75 కిలోమీటర్లకు విశ్రాంతి సమయం కాకుండానే 21 గంటలకు పైగా పడుతుంది. కొందరు దీనిని ఒక రాత్రి, ఒక పగలులో పూర్తి చేయాలని ప్రయత్నిస్తారు. వర్షాలు కురిసే ఏడాదిలో మూడు రోజులుగా విభజించుకోవడం శ్రేయస్కరం. తొలిరోజు సోమ్నీ పరిసరాల వరకు, రెండో రోజు రాజ్‌నాంద్‌గావ్ దాటి మరికొంత దూరం, మూడో రోజు డోంగర్‌గఢ్ వరకు నడిస్తే రోజుకు సుమారు 25 కిలోమీటర్లు, 7 గంటల నడక అవుతుంది.

ప్రతి మజిలీకి పక్కా కప్పు ఉన్న ఒక బస స్థలాన్ని ముందుగానే చూసుకోవాలి. నవరాత్రులలో దారి పొడవునా స్వచ్ఛంద సంస్థలు, గ్రామస్థులు సేవా శిబిరాలు ఏర్పాటు చేసి అల్పాహారం, తాగునీరు, ప్రథమ చికిత్స అందిస్తారు. వీటిలో చాలావరకు గుడ్డ పందిళ్లే. చినుకులకు అవి ఆశ్రయం ఇస్తాయి గాని, గాలివానకు నిలవవు.

కర్మాగారంలో మూడు షిఫ్టులలో పనిచేసే కార్మికులు రాత్రి డ్యూటీ ముగించుకుని నేరుగా యాత్రకు బయలుదేరడం ప్రమాదకరం. నిద్రలేమితో తడి రహదారిపై నడిచే వ్యక్తి వెనుక నుంచి వచ్చే వాహనాన్ని సకాలంలో గుర్తించలేడు. కనీసం ఒక పూట పూర్తిగా నిద్రపోయిన తరువాతే నడక మొదలుపెట్టాలి.

వాతావరణ సూచన

భారత వాతావరణ శాఖకు చెందిన రాయ్‌పూర్ కేంద్రం జిల్లాల వారీగా హెచ్చరికలు జారీ చేస్తుంది. 24 గంటలలో 64.5 మిల్లీమీటర్ల నుంచి 115.5 మిల్లీమీటర్ల వరకు కురిస్తే భారీ వర్షంగా, 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్ల వరకు అతి భారీ వర్షంగా, అంతకు మించితే అత్యంత భారీ వర్షంగా పరిగణిస్తారు. పసుపు రంగు హెచ్చరిక పరిస్థితిని గమనిస్తూ ఉండాలని, నారింజ రంగు సిద్ధంగా ఉండాలని, ఎరుపు రంగు వెంటనే చర్యలు చేపట్టాలని సూచిస్తాయి.

యాత్రికులు దుర్గ్, రాజ్‌నాంద్‌గావ్ రెండు జిల్లాల సూచనలనూ చూడాలి. ఎరుపు హెచ్చరిక ఉన్న రోజు బయలుదేరకూడదు. నారింజ హెచ్చరిక వెలువడితే ఆ రోజు నడకను సమీప పట్టణం వరకే పరిమితం చేసుకోవాలి. ఈ నియమానికి బృందంలోని అందరూ ముందే అంగీకరించి ఉండాలి.

శివ్‌నాథ్ నది, పొంగే వాగులు

మహానదికి ఉపనది అయిన శివ్‌నాథ్ దుర్గ్ పక్కనే ప్రవహిస్తుంది. ఎగువన అంబాగఢ్ చౌకీ ప్రాంతంలోని మోంగ్రా బ్యారేజ్ నుంచి నీటిని విడుదల చేసినప్పుడు దిగువన రాజ్‌నాంద్‌గావ్, దుర్గ్ వద్ద నీటిమట్టం పెరుగుతుంది. దుర్గ్‌లో ఎండ కాస్తున్నా నదికి వరద రావచ్చునన్న సంగతి స్నానానికి దిగే యాత్రికులు గుర్తుంచుకోవాలి. దుర్గ్ సమీపంలోని మహమరా ఆనకట్ట మీదుగా వర్షాకాలంలో నీరు పొంగి పారడం, రాకపోకలు నిలిచిపోవడం తరచుగా జరిగేదే.

జాతీయ రహదారి వంతెన ఎత్తుగా ఉన్నందున ప్రధాన మార్గంలో నడిచేవారికి నది అడ్డు కాదు. దూరం తగ్గుతుందని పొలాల మధ్య అడ్డదారులు, తక్కువ ఎత్తు కాజ్‌వేలు ఎంచుకునేవారికే ముప్పు ఎక్కువ. వేగంగా పారే నీరు 15 సెంటీమీటర్ల లోతున్నా మనిషిని పడగొట్టగలదు. నీటి అడుగున రోడ్డు కోతకు గురైందో లేదో పైనుంచి కనిపించదు. ముందున్నవారు దాటారు కదా అని దాటడం, చేతులు పట్టుకుని వరుసగా దాటడం రెండూ క్షేమం కావు. నీరు తగ్గే వరకు ఆగాలి, లేదా వెనక్కి వచ్చి ప్రధాన రహదారి చేరాలి.

పిడుగుల ముప్పు

రుతుపవనాలు వెనుదిరిగే కాలంలో మధ్యాహ్నం, సాయంత్రం వేళల్లో ఉరుములతో కూడిన వానలు సాధారణం. మెరుపు కనిపించిన తరువాత 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు సుమారు 10 కిలోమీటర్ల లోపలే ఉన్నట్టు లెక్క. వెంటనే పక్కా భవనంలోకి గాని, తలుపులు మూసిన వాహనంలోకి గాని చేరాలి. చివరి ఉరుము విన్న తరువాత 30 నిమిషాల వరకు బయటకు రాకూడదు. వరి పొలాల గట్లు, ఒంటరి చెట్లు, ఇనుప స్తంభాలపై నిలిపిన పందిళ్లు సురక్షిత స్థలాలు కావు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ రూపొందించిన దామిని యాప్ సమీపంలో పిడుగులు పడుతున్న ప్రాంతాలను చూపి అప్రమత్తం చేస్తుంది.

రహదారిపై నడక

ఈ యాత్రలో వర్షం కన్నా పెద్ద ప్రమాదం వాహనాల నుంచే పొంచి ఉంటుంది. 53వ నంబరు జాతీయ రహదారిపై భారీ లారీలు రాత్రింబవళ్లు తిరుగుతాయి. వానలో బ్రేకు వేసిన వాహనం ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది, అద్దంపై నీటి ధారల వల్ల డ్రైవరుకు పాదచారులు కనిపించరు. నవరాత్రుల సమయంలో పోలీసులు చేసే ట్రాఫిక్ ఏర్పాట్లను, పాదచారులకు కేటాయించే భాగాన్ని బయలుదేరేముందు తెలుసుకోవాలి. అటువంటి ఏర్పాటు లేని చోట ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడి అంచున, ఒకరి వెనుక ఒకరుగా నడవాలి.

కర్మాగారాలలో ధరించే మెరుపు పట్టీల జాకెట్టు ఈ నడకకు ఎంతో ఉపయోగపడుతుంది. బృందంలో ముందు నడిచేవారు, చివర నడిచేవారు దానిని తప్పక ధరించాలి, చేతిలో టార్చి ఉండాలి. లారీలు దాటిపోయేటప్పుడు వీచే గాలికి గొడుగు తిరగబడి నడిచేవారిని రోడ్డుపైకి లాగే ప్రమాదం ఉంది. లేతరంగు రెయిన్‌కోటు మేలు. సూర్యాస్తమయం సాయంత్రం 6 గంటల ప్రాంతంలో అవుతుంది గనుక 5 గంటలకల్లా మజిలీ చేరేలా చూసుకోవాలి.

పాదాల సంరక్షణ

ఎక్కువ మంది నడక ఆపివేసేది అలసట వల్ల కాదు, పాదాల బాధ వల్ల. గంటల తరబడి తడిసిన చర్మం తెల్లగా ముడతలు పడి మెత్తబడుతుంది. ఆ తరువాత కొద్దిపాటి ఒరిపిడికే పొక్కులు లేస్తాయి. దీనికి విరుగుడు పాదాలను అప్పుడప్పుడూ ఆరనివ్వడమే. రెండు గంటలకొకసారి ఆగి, బూట్లు విప్పి, పొడి గుడ్డతో తుడిచి, సాక్స్ మార్చుకోవాలి. నడిచేటప్పుడు వేళ్ల మధ్య, మడమలకు, తొడల మధ్య పెట్రోలియం జెల్లీ రాసుకుంటే ఒరిపిడి తగ్గుతుంది. రాత్రి పాదాలు పూర్తిగా ఆరాకే నిద్రించాలి.

యాత్ర కోసం కొత్త బూట్లు కొనడం పొరపాటు, కనీసం కొన్ని వారాలు వాడినవే ధరించాలి. ఇనుప ముక్కు ఉండే కర్మాగారపు భద్రతా బూట్లు బరువైనవి, దూరప్రయాణానికి పనికిరావు. చెప్పులు లేకుండా నడిచేవారు నిలిచిన నీటిలో అడుగు వేయరాదు. గాజు పెంకులు, మేకులు నీటి అడుగున కనిపించవు. గాయమైతే శుభ్రమైన నీటితో కడిగి, ధనుర్వాతం టీకా విషయమై వైద్యుని సంప్రదించాలి. పుండ్లున్న పాదాలతో వరద నీటిలో నడిస్తే లెప్టోస్పైరోసిస్ వంటి జ్వరాలు సోకవచ్చు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు చెప్పులు లేకుండా నడవకూడదు, ఎందుకంటే గాయమైనా వారికి వెంటనే తెలియదు.

ఆహారం, నీరు, ఉపవాసం

వానలో దాహం వేయదు గాని చెమట రూపంలో శరీరం నీటిని కోల్పోతూనే ఉంటుంది. ప్రతి గంటకు కొద్దికొద్దిగా నీరు తాగాలి. లీటరు నీటికి ఉద్దేశించిన ఓఆర్ఎస్ పొట్లాన్ని పూర్తి లీటరులోనే కలపాలి. నవరాత్రి ఉపవాసం పాటించేవారు అరటిపండ్లు, వేరుశనగలు, సగ్గుబియ్యం వంటకాలు వెంట ఉంచుకోవచ్చు. ఇన్సులిన్ లేదా రక్తపోటు మందులు వాడేవారు ఉపవాసంతో నడవదలిస్తే ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. మందులు, మొబైల్ ఫోను, ఒక జత పొడి దుస్తులు, గుర్తింపు కార్డు వేర్వేరు పాలిథిన్ సంచులలో కట్టుకోవాలి.

డోంగర్‌గఢ్‌లో

బమ్లేశ్వరి ఆలయం సుమారు 1,600 అడుగుల ఎత్తున్న కొండపై ఉంది. వెయ్యికి పైగా మెట్లు ఎక్కవలసి ఉంటుంది. కొండ దిగువన ఛోటీ బమ్లేశ్వరి ఆలయం ఉంది. 75 కిలోమీటర్లు నడిచి వచ్చిన కాళ్లతో అదే రాత్రి తడి మెట్లు ఎక్కడం కన్నా విశ్రాంతి తీసుకుని మరునాడు ఉదయం ఎక్కడం క్షేమం. దిగేటప్పుడు మోకాళ్లపై భారం ఎక్కువ, జారే అవకాశమూ ఎక్కువ. రోప్‌వే సౌకర్యం ఉన్నా ఈదురుగాలుల వేళ దానిని నిలిపివేయవచ్చు గనుక దానిపైనే ఆధారపడరాదు.

ఆగవలసి వస్తే

జ్వరం, ఆగని వణుకు, ఛాతీలో నొప్పి, పాదంపై వ్యాపిస్తున్న ఎరుపు, పిల్లలలో మగత కనిపిస్తే నడక ఆపివేయాలి. రాజ్‌నాంద్‌గావ్ స్టేషన్ ఈ దారికి దాదాపు మధ్యన ఉంది. అక్కడ బృందం అంతా కూర్చుని ప్రతి ఒక్కరి ఆరోగ్యం, మరునాటి వాతావరణ సూచన పరిశీలించి, ముందుకు సాగేవారెవరో నిర్ణయించుకోవాలి. మిగిలినవారు రైలులో డోంగర్‌గఢ్ చేరి దర్శనం చేసుకోవచ్చు. నవరాత్రులలో డోంగర్‌గఢ్‌లో పలు రైళ్లకు తాత్కాలిక హాల్టులు ప్రకటిస్తారు. భిలాయ్ నుంచి రాజ్‌నాంద్‌గావ్ వరకు రైలులో వచ్చి, అక్కడి నుంచి మాత్రమే నడిచే యాత్రికులూ ఉన్నారు. వృద్ధులకు, తొలిసారి నడిచేవారికి వానకాలంలో ఆ పద్ధతే అనుకూలం.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, జాతీయ రహదారిపై సహాయానికి 1033, రైల్వే సమాచారానికి 139 నంబర్లను సంప్రదించవచ్చు. ఫోను తడిసి పనిచేయకపోయినా ఉపయోగపడేలా ఈ నంబర్లను, ఇంటివారి నంబరును కాగితంపై రాసి వెంట ఉంచుకోవాలి.